ప్రొస్టేట్ ఎంఆర్ఐలో డిఫ్యూజన్ పరీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను రేడియాలజిస్టుని. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చే ప్రొస్టేట్ స్కాన్‌లు చదవడం నా రోజువారీ పనిలో పెద్ద భాగం. ఫిల్ముల కవరు చంకలో పెట్టుకుని దేవరకొండ నుంచో, అచ్చంపేట నుంచో వచ్చే కొడుకులూ అల్లుళ్లూ దాదాపు ఒకే ప్రశ్నలు అడుగుతారు. కూర్చోబెట్టి చెప్పడం నాకు ఇష్టమే. కానీ బస్సు టైమ్ అవుతోందని సగంలో లేచిపోయేవాళ్లే ఎక్కువ. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు. మీ మనిషి విషయంలో చివరి మాట మాత్రం ఆయన్ని చేత్తో పరీక్షించిన యూరాలజిస్టుదే.

## స్కాన్ దాకా రాకముందు

మా నాయినకి పీఎస్ఏ 9 వచ్చింది. క్యాన్సరేనా?

అప్పుడే అలా చెప్పలేం. పీఎస్ఏ ప్రొస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీన్. వయసుతో గ్రంథి ఉబ్బినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, మూత్రం ఆగిపోయి పైపు వేసినా అది రక్తంలో పెరుగుతుంది. సాధారణంగా 4 నానోగ్రాములు దాటితే ఆలోచించమంటారు. ఆ గీత కింద ఉన్నవాళ్లలోనూ కొందరికి క్యాన్సర్ దొరుకుతుంది, పైన ఉన్న చాలామందిలో దొరకదు. ఇన్ఫెక్షన్ ఉంటే ముందు దాన్ని తగ్గించుకుని, 6 నుంచి 8 వారాలు ఆగి పీఎస్ఏ మళ్లీ చేయించండి. అప్పటికీ ఎక్కువే ఉంటే ఎంఆర్ఐ గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. పైపు వేసిన వారంలోనే తీసిన పీఎస్ఏ చూసి ఇల్లంతా ఏడుస్తూ వచ్చిన కుటుంబాలను చూశాను. అసలు ఆ వారం ఆ టెస్టు చేయకుండా ఉండాల్సింది.

రాత్రి నాలుగైదు సార్లు ఒంటికి లేస్తున్నాడు. ఇది క్యాన్సర్ లక్షణమేనా?

ఎక్కువ మందిలో కాదు. వయసుతో ఉబ్బే భాగం గ్రంథి మధ్యలో, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. అందుకే ధార సన్నబడుతుంది, ఆగి ఆగి వస్తుంది. క్యాన్సర్లలో నూటికి 70 దాకా పుట్టేది గ్రంథి వెనక అంచులో, మలాశయం వైపు. అక్కడి గడ్డ చాలాకాలం మూత్రానికి అడ్డు రాదు. ఇబ్బంది ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అనుకోకూడదు, ఇబ్బంది లేదని క్యాన్సర్ లేదనీ అనుకోకూడదు.

ప్రొస్టేట్ మాత్రలు ఏడాదిగా వేసుకుంటున్నాడు. పీఎస్ఏ 3 అని వచ్చింది. ఇక టెన్షన్ లేనట్టేనా?

ఏ మాత్రో చూడాలి. డుటాస్టెరైడ్, ఫినాస్టెరైడ్ అనే మందులు ఆరు నెలలు దాటి వాడితే పీఎస్ఏను దాదాపు సగానికి దించుతాయి. అంటే ఆ 3ని 6గా లెక్కగట్టాలి. టామ్సులోసిన్ ఒక్కటే అయితే ఈ ప్రభావం ఉండదు. ఇబ్బంది ఏంటంటే ఈ మందులు చాలాసార్లు ఒకే మాత్రలో కలిసి వస్తాయి, పేరు చదివితే అర్థం కాదు. మాత్రల షీటు పారేయకుండా జేబులో పెట్టుకుని రండి. నాకు మీ నోటిమాట కంటే ఆ షీటే ఎక్కువ ఉపయోగం.

నేరుగా బయాప్సీ చేస్తే పోదా? మధ్యలో ఎంఆర్ఐ ఖర్చు ఎందుకు?

ఖర్చు మాట నిజమే. ప్రయాణం, ఒకరోజు కూలి, తోడు వచ్చినవాళ్ల తిండి, అన్నీ పడతాయి. అయినా ముందు ఎంఆర్ఐ చేయించమనే చెబుతాను.

పాత పద్ధతిలో మలద్వారం గుండా అల్ట్రాసౌండ్ పెట్టి, గ్రంథిలో అక్కడక్కడ సూదితో 12 ముక్కలు తీస్తారు. గడ్డ ఎక్కడుందో తెలియకుండా గుచ్చడమే. బ్రిటన్‌లో ప్రామిస్ అనే పరిశోధన 2017లో వెలువడింది. 576 మందికి ముందు ఎంఆర్ఐ తీసి, తర్వాత పాత పద్ధతి బయాప్సీతోపాటు గ్రంథి మొత్తాన్ని జల్లెడ పట్టే బయాప్సీ కూడా చేశారు. ప్రమాదకరమైన క్యాన్సర్లలో ఎంఆర్ఐ 93 శాతాన్ని పట్టింది, పాత పద్ధతి బయాప్సీ 48 శాతాన్నే పట్టింది. మరుసటి ఏడాది వచ్చిన ప్రిసిషన్ పరిశోధనలో 500 మంది ఉన్నారు. నేరుగా బయాప్సీకి వెళ్లినవాళ్లలో 26 శాతం మందికి ప్రమాదకరమైన క్యాన్సర్ దొరికింది. ముందు ఎంఆర్ఐ తీసిన గుంపులో 38 శాతం మందికి దొరికింది. పైగా ఎంఆర్ఐ గుంపులో 28 శాతం మందికి బయాప్సీ అవసరమే రాలేదు.

ఇంకో సంగతి. బయాప్సీ తర్వాత గ్రంథిలో రక్తం గడ్డకట్టి వారాల తరబడి ఉంటుంది. అప్పుడు తీసిన ఎంఆర్ఐ మసకబారిన అద్దంలో మొహం చూసుకున్నట్టే. ఇప్పటికే బయాప్సీ అయిపోతే కనీసం 6 నుంచి 8 వారాలు ఆగాలి.

ఆరోగ్యశ్రీలో వస్తదా?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. కానీ పరిమితి వేరు, బయటి రోగిగా చేయించుకునే ప్రతి పరీక్షా అందులో ఉండటం వేరు. స్కాన్‌కి డబ్బు కట్టకముందే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర అడగండి. కట్టాక అడిగితే ఆ డబ్బు తిరిగి రావడం కష్టం.

## డిఫ్యూజన్ అంటే ఏమిటి

డిఫ్యూజన్ ఏంది? మామూలు ఎంఆర్ఐకి దీనికి తేడా ఏంటి?

నల్గొండ దగ్గర చెరువుగట్టు గుడి మెట్ల మీద మామూలు రోజున నిలబడి కిందికి చూడండి. జనం పలచగా ఉంటారు, ఎవరి దారిన వాళ్లు తిరుగుతుంటారు. ఒక ఫొటో తీసి, పది నిమిషాలాగి ఇంకోటి తీస్తే మొదటి ఫొటోలోని మనిషి రెండో దాంట్లో అదే చోట ఉండడు. జాతర రాత్రి అదే పని చేయండి. అడుగు వేసే సందు ఉండదు. పది నిమిషాల తర్వాత కూడా ఆ మనిషి దాదాపు అక్కడే ఇరుక్కుని ఉంటాడు.

ఒంట్లో నీటి కణాలు కూడా ఇంతే. ఆరోగ్యంగా ఉన్న ప్రొస్టేట్‌లో ద్రవం నిండిన సన్నని గదులుంటాయి, వాటిలో నీరు స్వేచ్ఛగా కదులుతుంది. క్యాన్సర్ ఆ గదులను మూసేసి జీవకణాలను కిక్కిరిసేలా నింపుతుంది. నీరు కదల్లేక ఆగిపోతుంది. స్కానర్ ఒకసారి అయస్కాంత బలంతో ప్రతి నీటికణానికీ గుర్తు పెడుతుంది, కొన్ని క్షణాంశాల తర్వాత ఆ గుర్తు చెరుపుతుంది. కదలని నీటికణం గుర్తు పూర్తిగా చెరిగి, సిగ్నల్ మిగులుతుంది. కదిలిన నీటికణానిది సరిగా చెరగదు, సిగ్నల్ పోతుంది. అందుకే కిక్కిరిసిన చోటు తెల్లగా వెలుగుతుంది. ఇదంతా జరిగే లోపు నీటికణం కదిలే దూరం మిల్లీమీటరులో రెండు మూడు వందో వంతులు. అంత చిన్న కదలికను బయటి నుంచి కొలవగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఈ కొలత పద్ధతికి 1965లో స్టెయ్‌స్కల్, టానర్ బాట వేశారు. మనిషి శరీరాన్ని ఇలా చిత్రించవచ్చని 1980లలో ఫ్రాన్సుకు చెందిన డెనిస్ లీ బిహాన్ చూపించారు.

మామూలు ఎంఆర్ఐ, అంటే టీ2 చిత్రం, గ్రంథి ఆకారం చూపిస్తుంది. డిఫ్యూజన్ లోపలి ఇరుకుదనం చూపిస్తుంది. ఒకే స్కాన్‌లో రెండూ తీస్తారు.

రిపోర్టులో బీ వాల్యూ 50, 800, 1400 అని రాశారు. అవి ఏం అంకెలు?

ఆ అయస్కాంత గుర్తును ఎంత గట్టిగా వేశారన్న లెక్క. బీ తక్కువైతే బాగా కదిలే నీరు మాత్రమే మాయమవుతుంది. బీ పెరిగేకొద్దీ మామూలు కణజాలమూ చీకటిగా మారి, నిజంగా ఇరుక్కున్న చోటే వెలుగుతూ మిగులుతుంది. ప్రొస్టేట్ ఎంఆర్ఐ చదివి క్యాన్సర్ అనుమానానికి 1 నుంచి 5 దాకా స్కోరు ఇవ్వడానికి ప్రపంచమంతా పాటించే పైరాడ్స్ పద్ధతి, 2019లో వచ్చిన 2.1 రూపం, కనీసం 1400 బీ వాల్యూతో ఒక చిత్రం ఉండాలంటుంది. మీ రిపోర్టులో పెద్ద అంకె 800 దగ్గరే ఆగిపోతే ఆ స్కాన్ అసంపూర్తిగా ఉన్నట్టు. రేడియాలజిస్టును అడగండి. అడగడంలో తప్పేం లేదు.

ఒక రిపోర్టులో ఏడీసీ 0.75 అని, ఇంకో దాంట్లో 750 అని ఉంది. వెయ్యి రెట్లు పెరిగిందా?

లేదు, రెండూ ఒకటే. కిలోమీటర్లలో చెప్పినట్టూ మీటర్లలో చెప్పినట్టూ. ఏడీసీ అంటే నీరు ఎంత స్వేచ్ఛగా కదులుతోందో చెప్పే అంకె. ఏ అడ్డూ లేని నీటికి శరీర వేడి దగ్గర సుమారు 3 ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న ప్రొస్టేట్ వెనక అంచులో తరచుగా ఒకటిన్నర పైన ఉంటుంది. అనుమానించాల్సిన గడ్డల్లో ఒకటి కంటే కిందికి దిగుతుంది. ఎంత తక్కువైతే అంత కిక్కిరిసి ఉందని అర్థం.

ఈ అంకెను షుగర్ రీడింగ్ లాగా చూడకండి. మిషన్ మారితే, బీ వాల్యూలు మారితే, గడ్డ మీద గీసిన వృత్తం సైజు మారితే అంకె మారుతుంది. హైదరాబాద్‌లో 0.82, నల్గొండలో 0.90 వస్తే గడ్డ తగ్గినట్టు కాదు.

డిఫ్యూజన్‌లో తెల్లగా ఉంది, ఏడీసీలో కూడా తెల్లగానే ఉందన్నారు. అది మంచిదా చెడ్డదా?

చాలావరకు మంచిదే. ఎక్కువ నీరున్న చోట డిఫ్యూజన్ చిత్రంలో ఉత్తినే వెలుగుతుంది. అసలు అనుమానం ఎక్కువ బీ చిత్రంలో తెల్లగా, ఏడీసీ చిత్రంలో నల్లగా ఉన్న మచ్చ మీదే. రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టుకునే చదవాలి.

## స్కాన్ రోజు

ముందురోజు ఏం తినాలి? ఎనీమా అవసరమా?

ప్రొస్టేట్ మలాశయానికి ఆనుకుని ఉంటుంది. డిఫ్యూజన్ చిత్రాలకు గాలి పెద్ద శత్రువు. మలాశయంలో గ్యాస్ ఉంటే సరిగ్గా క్యాన్సర్ ఎక్కువగా పుట్టే వెనక అంచే వంకరపోతుంది. ముందురోజు రాత్రి తేలిగ్గా తినండి, శనగలు, పప్పు, గ్యాస్ డ్రింకులు మానండి. పొద్దున విరేచనం అయి వస్తే చాలా మేలు. మలబద్ధకం ఉంటే చిన్న ఎనీమా గురించి సెంటరులో అడగండి. పేగు కదలిక తగ్గించే ఇంజెక్షన్ కొన్నిచోట్ల ఇస్తారు. నీటికాసులు, గుండె దడ ఉంటే ముందే చెప్పాలి.

మొలతాడు తీయాలా? తాయెత్తు ఎప్పుడూ తీయలేదు.

తీయాలి. ఇష్టం లేకపోయినా తీయాలి. వెండి మొలతాడు, రాగి తాయెత్తు సరిగ్గా స్కాన్ తీసే నడుం దగ్గరే ఉంటాయి, బొమ్మను పాడుచేస్తాయి, వేడెక్కవచ్చు కూడా. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే పెద్దాయనకు నచ్చజెప్పి, దేవుడి గూట్లో పెట్టించి రండి. టేబుల్ మీద పడుకోబెట్టాక కత్తెరతో కోయాలంటే ఆయన మనసు నొచ్చుకుంటుంది.

వీటికంటే ముఖ్యమైనవి ఇంకా ఉన్నాయి. పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, చెవిలో వేసిన పరికరం ఉంటే ముందే చెప్పండి. వెల్డింగ్, గ్రైండింగ్ చేసినవాళ్లకు ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడి ఉంటే అదీ చెప్పండి. తుంటి కీలు మార్పించుకున్నవాళ్లకు ఎంఆర్ఐ చాలాసార్లు చేయవచ్చు, కానీ డిఫ్యూజన్ బొమ్మ వంకరపోతుంది. వాళ్లకు 3 టెస్లా కంటే 1.5 టెస్లా మిషనే నయం (టెస్లా అంటే మిషన్ అయస్కాంత బలం లెక్క).

మర్రిగూడ వైపు వాళ్లం. ఫ్లోరైడ్ నీళ్లతో నడుం వంగిపోయింది. వెల్లకిలా పడుకోలేడు. స్కాన్ ఎట్ల?

ఈ ప్రశ్న మన జిల్లాలోనే వినపడుతుంది. వెన్ను బిగుసుకుపోయిన మనిషిని 40 నిమిషాలు పలక మీద కదలకుండా ఉండమనడం శిక్షే. నొప్పికి కొంచెం కదిలినా డిఫ్యూజన్ చిత్రం చెరిగిపోతుంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే విషయం చెప్పండి. మోకాళ్ల కింద, వీపు కింద, తల కింద దిండ్లు సర్దితే చాలామంది పడుకోగలుగుతారు. కాంట్రాస్టు (బొమ్మ స్పష్టత కోసం నరంలోకి ఎక్కించే మందు) లేని చిన్న స్కాన్ అయితే 15 నుంచి 20 నిమిషాల్లో ముగుస్తుంది. నొప్పి మాత్ర డాక్టర్‌ను అడిగి ముందే వేయించండి. నేనైతే టెక్నీషియన్‌కు ఒకటే చెబుతాను: డిఫ్యూజన్‌ను ముందు తీయండి, చివరికి పెట్టకండి. ఆయన మధ్యలో లేచిపోయినా అసలైన బొమ్మ చేతికి వచ్చి ఉంటుంది.

కాంట్రాస్టు ఇంజెక్షన్ తప్పనిసరా? కిడ్నీలు బాలేవు.

చాలామందికి తప్పనిసరి కాదని ఇప్పుడు గట్టిగా చెప్పవచ్చు. ప్రైమ్ అనే పరిశోధన 2025లో వచ్చింది. అందులో కాంట్రాస్టు లేకుండా టీ2, డిఫ్యూజన్ రెండే చూసి 29.2 శాతం మందిలో ప్రమాదకరమైన క్యాన్సర్‌ను పట్టారు. కాంట్రాస్టు కూడా కలిపితే 29.6 శాతం. తేడా లేనట్టే. అయితే ఆ పరిశోధనలో బొమ్మల నాణ్యత ముందే సరిచూశారు. డిఫ్యూజన్ సరిగా రానప్పుడు కాంట్రాస్టు ఆదుకుంటుంది. కిడ్నీ పనితీరు బాగా పడిపోయినవాళ్లకు కాంట్రాస్టుగా ఇచ్చే గాడోలినియం మందు విషయంలో జాగ్రత్త కావాలి. క్రియాటినిన్ రిపోర్టు వెంట తెచ్చుకోండి.

3 టెస్లా మిషన్ కోసం హైదరాబాదే పోవాలా?

3 టెస్లా దొరికితే మంచిదే, సిగ్నల్ ఎక్కువ. కానీ సరిగ్గా సెట్ చేసిన 1.5 టెస్లా కొత్త మిషన్ మీద, మలాశయం ఖాళీగా, కదలకుండా తీసిన స్కాన్, హడావిడిగా తీసిన 3 టెస్లా స్కాన్ కంటే నయం. మిషన్ అంకె కంటే ముందు, ప్రొస్టేట్ స్కాన్‌లు అక్కడ క్రమంగా చేస్తారా, ఎవరు చదువుతారు అని అడగండి.

## కొత్త డిఫ్యూజన్ పద్ధతులు

చిన్న ఫీల్డ్ డిఫ్యూజన్, మల్టీషాట్ డిఫ్యూజన్ అంటున్నారు. అవసరమా?

ఈ రెండూ మంచి మార్పులు, దొరికితే వదులుకోకండి. మామూలు డిఫ్యూజన్ బొమ్మను ఒకే ఊపులో తీస్తారు. త్వరగా అవుతుంది, కానీ గాలి ఉన్నచోట సాగిపోతుంది. చిన్న ఫీల్డ్ పద్ధతిలో నడుమంతా కాకుండా ప్రొస్టేట్ ఉన్న చిన్న పెట్టెనే ఉత్తేజపరుస్తారు, కాబట్టి వంకర తగ్గి వివరం పెరుగుతుంది. మల్టీషాట్‌లో బొమ్మను ముక్కలుగా తీసి కలుపుతారు. టైమ్ ఎక్కువ పడుతుంది, అంచులు నిక్కచ్చిగా వస్తాయి. తుంటి కీలు మార్చినవాళ్లకు, గ్యాస్ తగ్గనివాళ్లకు తేడా కళ్లకు కనిపిస్తుంది.

లెక్కగట్టిన బీ వాల్యూ అని రాశారు. అంటే స్కాన్ తీయకుండానే ఊహించి రాశారా?

ఊహ కాదు. తక్కువ బీ దగ్గర తీసిన నిజమైన చిత్రాల్లో సిగ్నల్ ఎంత వేగంగా పడిపోతోందో చూసి, 1400 లేదా 2000 దగ్గర ఎలా ఉంటుందో కంప్యూటర్ లెక్కగడుతుంది. పైరాడ్స్ దీన్ని ఒప్పుకుంటుంది. మూల చిత్రాలు వంకరగా ఉంటే లెక్కా వంకరే.

కర్టోసిస్, ఐవిమ్, వెర్డిక్ట్... ఇవన్నీ ఏంటి? మా నాయినకి చేయించాలా?

ఏడీసీ లెక్క ఒక సులువైన అబద్ధం మీద నిలబడింది: కణజాలమంతా ఒకే రకం నీటి గుంట అనుకుంటుంది. నిజానికి ఒక్క చుక్క చోటులో రక్తనాళం ఉంటుంది, కణం లోపల ఉంటుంది, కణాల మధ్య సందు ఉంటుంది. కొత్త పద్ధతులన్నీ ఆ అబద్ధాన్ని సరిదిద్దే ప్రయత్నాలే.

ఐవిమ్ తక్కువ బీ వాల్యూలు ఎక్కువ తీసి, సన్న రక్తనాళాల్లో పారే నీటిని విడిగా లెక్కిస్తుంది. ఇదీ లీ బిహాన్ ఆలోచనే. కర్టోసిస్ పద్ధతిని జెన్సెన్ బృందం 2005లో ప్రతిపాదించింది. కణాల గోడలు నీటి కదలికను ఎంత అసహజంగా మారుస్తాయో ఇది కొలుస్తుంది, దానికి ఎక్కువ బీ వాల్యూలు కావాలి. రిస్ట్రిక్షన్ స్పెక్ట్రమ్ అనే పద్ధతి కణం లోపల బందీ అయిన నీటిని, అడ్డంకుల మధ్య నెమ్మదిగా తిరిగే నీటిని, స్వేచ్ఛగా తిరిగే నీటిని వేరుచేస్తుంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో రూపొందిన వెర్డిక్ట్ నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది. అది రక్తనాళం, కణం లోపల, కణం బయట అనే మూడు వాటాలు లెక్కగట్టి, కణాలు ఎంత భాగం ఆక్రమించాయో చెబుతుంది. క్యాన్సర్‌లో పెరిగేది అదే కదా. ఏడీసీ దగ్గర సందిగ్ధంగా ఉన్న గడ్డల్లో అనవసర బయాప్సీలు తగ్గించడానికి ఇది పనికొస్తుందని వాళ్ల ఇన్నోవేట్ పరిశోధన చూపించింది.

ఇక రెండో ప్రశ్న. చేయించనక్కర్లేదు. పైరాడ్స్ స్కోరుకు ఇవేవీ అవసరం లేదు, ఏడీసీతోనూ ఎక్కువ బీ చిత్రంతోనూ స్కోరు వస్తుంది. స్కానర్‌లో ఉచితంగా వస్తే సంతోషం. వీటికోసం అప్పు చేయకండి, నెలలు ఆగకండి. ఆ డబ్బుతో మంచి బయాప్సీ చేయించవచ్చు.

ఏఐ చదివితే డాక్టర్ అవసరం లేదా?

ఏఐ బాగానే చదువుతోంది. 2024లో వచ్చిన పై-సీఏఐ పరిశోధనలో 62 మంది రేడియాలజిస్టులతో పోల్చితే సగటున మెరుగ్గానే చేసింది. నేను దాన్ని రెండో కన్నుగా ఆహ్వానిస్తాను. కానీ టీబీ మందులు వాడాడా, పైపు ఎప్పుడు తీశారు అని ఆ ప్రోగ్రామ్ ఇంట్లోవాళ్లను అడగదు.

## రిపోర్టు చేతికొచ్చాక

పైరాడ్స్ 3 అన్నారు. అటూ ఇటూ కాని మాట. ఏం చేయాలి?

3 అంటే నిజంగానే అటూ ఇటూ కాదు. ఇక్కడ ఒక చిన్న భాగహారం సాయం చేస్తుంది. పీఎస్ఏని గ్రంథి పరిమాణంతో భాగించండి, పరిమాణం రిపోర్టులోనే మిల్లీలీటర్లలో ఉంటుంది. పీఎస్ఏ 6, గ్రంథి 60 అయితే 0.10. పెద్ద గ్రంథి కాబట్టి ఆ పీఎస్ఏ సహజమే కావచ్చు, చాలామంది డాక్టర్లు కొన్నాళ్లు గమనిద్దామంటారు. అదే పీఎస్ఏ 6, గ్రంథి 30 అయితే 0.20. 0.15 దాటితే బయాప్సీ వైపు మొగ్గుతారు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా, వేలితో చూసినప్పుడు గట్టిగా తగిలిందా అన్నవి కూడా కలిపి నిర్ణయిస్తారు.

పైరాడ్స్ 5 వచ్చింది. ఇక బయాప్సీ ఎందుకు, మందులు మొదలుపెడితే పోలేదా?

5 అంటే క్యాన్సర్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఖాయం అని కాదు. 4కీ 5కీ మధ్య గీత చాలాసార్లు పరిమాణమే, ఒకటిన్నర సెంటీమీటర్లు. మన దగ్గర ముఖ్యంగా టీబీ వల్ల వచ్చే ప్రొస్టేట్ వాపు డిఫ్యూజన్‌లో అచ్చం క్యాన్సర్‌లాగే వెలుగుతుంది, ఏడీసీ అంతే కిందికి దిగుతుంది. అలాంటివి 5 స్కోరు తెచ్చుకుని బయాప్సీలో టీబీగా తేలతాయి. బొంబాయికి వలసపోయినప్పుడు అక్కడ టీబీ మందులు వాడి ఊరుకున్నవాళ్లు పాలమూరు వైపు ఉంటారు. ఆ పాత చీటీ దొరక్కపోయినా సంగతి చెప్పండి. హార్మోన్ ఇంజెక్షన్ మాత్రం బయాప్సీకి ముందు వేయించుకోకండి. అది గ్రంథిని కుంచింపజేసి డిఫ్యూజన్ బొమ్మనూ, సూది ముక్కల చదువునూ రెండింటినీ కష్టం చేస్తుంది.

ఎంఆర్ఐలో ఏమీ లేదన్నారు. కానీ పీఎస్ఏ పెరుగుతూనే ఉంది.

ఇది మా ఇంట్లోనే జరిగింది. కొన్నేళ్ల కిందట మా పెదనాయనకు పీఎస్ఏ 7 వస్తే ఒక సెంటరులో స్కాన్ తీయించాం. అనుమానించాల్సింది ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. నేను సీడీ తెరిచి చూడలేదు, రిపోర్టు చదివి ఊరుకున్నాను. ఏడాది తర్వాత పీఎస్ఏ 11. అప్పుడు పాత సీడీ తెరిస్తే మలాశయం నిండా గ్యాస్. డిఫ్యూజన్‌లో గ్రంథి వెనక సగం గాలికి సాగిన ముగ్గులా ఉంది. కడుపు శుభ్రం చేయించి మళ్లీ తీస్తే ఎడమ వెనక అంచులో గడ్డ స్పష్టంగా నిలబడింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడాయన బత్తాయి తోటకు నీళ్లు పెట్టుకుంటున్నాడు. కానీ ఆ ఏడాది గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు.

కాబట్టి ముందు ఆ స్కాన్ నాణ్యత ఎలా ఉందో అడగండి. బొమ్మ పాడైతే 'లేదు' అన్న మాటకు విలువ లేదు. బొమ్మ బాగున్నా, ప్రామిస్‌లో ఎంఆర్ఐ శుభ్రంగా ఉన్న పదిమందిలో ఒకరికి ప్రమాదకరమైన క్యాన్సర్ దొరికింది. పీఎస్ఏ ఆగకుండా ఎక్కుతుంటే శుభ్రమైన ఎంఆర్ఐ ఉన్నా బయాప్సీ మాట్లాడాల్సిందే.

ఫిల్ములు ఇచ్చారు. సీడీ కూడా తీసుకోవాలా?

తప్పకుండా. ఫిల్ము మీద ఏడీసీ అంకె కొలవలేం. డైకామ్ రూపంలో, అంటే స్కానర్ అసలు ఫైళ్లతో, ఉన్న సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ అడిగి తీసుకోండి, ఫోన్‌లో తీసిన ఫొటోలు కాదు. రెండో అభిప్రాయానికి మనిషి వెళ్లకపోయినా సీడీ వెళితే సరిపోతుంది.

## బయాప్సీ, ఆ తర్వాత

ఫ్యూజన్ బయాప్సీ అంటే?

ఎంఆర్ఐలో గుర్తుపెట్టిన గడ్డను అల్ట్రాసౌండ్ బొమ్మ మీద పరిచి, సూదిని అక్కడికే పంపడం. ఆ సాఫ్ట్‌వేర్ లేనిచోట అనుభవమున్న డాక్టర్ ఎంఆర్ఐ చూసి మనసులో పోల్చుకుని గుచ్చుతారు. అదీ పనిచేస్తుంది. సూది మలద్వారం గుండా కాకుండా, వృషణాలకూ మలద్వారానికీ మధ్య చర్మం గుండా పంపితే ఇన్ఫెక్షన్ భయం తక్కువ.

బయాప్సీలో గ్లీసన్ 6 వచ్చింది. వెంటనే ఆపరేషన్ చేయించాలా?

చాలామందికి అవసరం లేదు. గ్లీసన్ అంటే బయాప్సీ ముక్కలో క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే స్కోరు. 6 అంటే నెమ్మదిగా పెరిగే రకం. క్రమంగా పీఎస్ఏ, ఎంఆర్ఐ, అవసరమైతే మళ్లీ బయాప్సీతో గమనిస్తూ ఉండవచ్చు. దీన్ని వైద్యం చేయకపోవడంగా బంధువులు అనుకుంటారు, ఒత్తిడి పెడతారు. ఇదీ వైద్యమే. తేదీలు తప్పకుండా రావాలి, వీలైతే ఒకే మిషన్ మీద స్కాన్ తీయించాలి.

ఎక్స్‌రేలో ఎముకలన్నీ తెల్లగా ఉన్నాయి, క్యాన్సర్ పాకిందన్నారు.

నల్గొండలో ఈ మాట చెప్పేముందు రెండుసార్లు ఆలోచించాలి. ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకకు పాకితే ఎముక తెల్లగా, దట్టంగా మారుతుంది. దశాబ్దాలు ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగినవాళ్ల వెన్ను, కటి ఎముకలూ అలాగే మారతాయి. ముంజేతి ఎక్స్‌రే తీస్తే ఫ్లోరోసిస్‌లో రెండు ఎముకల మధ్య పొర కూడా గట్టిపడి ముల్లులా కనిపిస్తుంది, అది మంచి ఆధారం. వెన్నుకు డిఫ్యూజన్ ఎంఆర్ఐ తీస్తే చురుగ్గా పెరుగుతున్న క్యాన్సర్ మచ్చలు సాధారణంగా వెలుగుతాయి, ఫ్లోరైడ్ ఎముక చీకటిగా ఉంటుంది. బాగా గట్టిపడిన క్యాన్సర్ మచ్చ కూడా ఒక్కోసారి వెలగదు కాబట్టి పీఎస్ఏ, పెట్ స్కాన్ కలిపి చూడాలి. ఏ ఊరి నీళ్లు తాగారో హైదరాబాద్ డాక్టర్‌కు మీరే చెప్పాలి. ఆయన అడగకపోవచ్చు.

నాయినకి తేలింది. మేం కొడుకులం ఎప్పుడు చూపించుకోవాలి?

తండ్రికో అన్నకో ఉంటే మీకు వచ్చే అవకాశం సుమారు రెండింతలు. 45 ఏళ్ల నుంచి పీఎస్ఏ గురించి డాక్టర్‌తో మాట్లాడండి. ఇంట్లో ఆడవాళ్లకు రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఉంటే అదీ చెప్పండి, ఒకే జన్యు లోపం అన్నిటికీ కారణం కావచ్చు. మొదలు రక్తపరీక్షే చాలు. ఆ అంకె అనుమానంగా వస్తే అప్పుడు ఎంఆర్ఐకి రండి, మలాశయం ఖాళీగా, మొలతాడు ఇంట్లో పెట్టి, పాత సీడీలు ఏవైనా ఉంటే పట్టుకుని.